పొలం పిలిస్తేనే వీసా: విదేశాల్లో సీజనల్ వ్యవసాయ పనికి దరఖాస్తు వెనుక లెక్కలు

విదేశంలో పంట కోతకు వెళ్లే వీసా విషయంలో మొదటి కాగితం పెట్టేది వెళ్లే మనిషి కాదు, రప్పించుకునే రైతు. ఈ ఒక్క సంగతి తెలియకే చాలామంది దళారుల చేతుల్లో పడుతున్నారు. పర్యాటక వీసా కావాలనుకున్న మనిషి తానే నిర్ణయించుకుని, తానే ఫారం నింపి, తానే వరుసలో నిలబడతాడు. సీజనల్ వ్యవసాయ వీసా అలా నడవదు. పొలం యజమాని గానీ, ప్రభుత్వం అనుమతించిన నియామక సంస్థ గానీ ముందుగా తమ దేశంలోని అధికారుల దగ్గరకు వెళ్లాలి. ఫలానా పంటకు, ఫలానా నెలల్లో, ఇంతమంది కావాలని చెప్పి ఒప్పించాలి. ఆ అనుమతి వచ్చాకే కూలీ పేరు కాగితం మీదికి ఎక్కుతుంది. వీసా దరఖాస్తు ఈ వరుసలో చివరి మెట్టు.

ఇంత తతంగం ఎందుకంటే, పండిన పండు ఆగదు. స్ట్రాబెర్రీ ఎరుపెక్కాక రెండు మూడు రోజుల్లో కోయకపోతే తొట్టెలోనే మెత్తబడిపోతుంది. ఆ కొన్ని వారాలకు వందల చేతులు కావాలి, ఆ తర్వాత అక్కర్లేదు. ఆ కొన్ని వారాల పనికి స్థానికులు కావలసినంతమంది రారు. బయటివాళ్లను రప్పించుకోవాలి, కానీ వాళ్లు అక్కడే స్థిరపడకూడదు. సీజనల్ వీసా నిబంధనల్లో కనిపించే బిగింపు అంతా ఈ రెండు కోరికల మధ్య నుంచి పుట్టిందే. గడువు కొన్ని నెలలే. చాలా దేశాల్లో కుటుంబాన్ని తీసుకెళ్లే వీలు లేదు. శాశ్వత నివాసానికి ఇది దారి కాదు. అమెరికా మాత్రం భార్యాపిల్లలను వెంట రానిస్తుంది, కానీ వాళ్లు పని చేయకూడదు.

అమెరికాలోని హెచ్-2ఎ వీసాను దగ్గరగా చూస్తే వరుస క్రమం బాగా అర్థమవుతుంది. 1986 వలస చట్టం వ్యవసాయానికి ప్రత్యేకించిన వీసా ఇది. ఏటా ఇన్నే ఇవ్వాలన్న పరిమితి దీనికి లేదు. ఒక తోటలో ఏప్రిల్ 1న పని మొదలవ్వాలని అనుకుందాం. యజమాని అంతకు 75 నుంచి 60 రోజుల ముందు, అంటే జనవరి 16కూ 31కీ మధ్య, పని వివరాలను ప్రభుత్వానికి సమర్పించి స్థానికుల కోసం ప్రకటన ఇవ్వాలి. 45 రోజుల ముందు, అంటే ఫిబ్రవరి 15లోపు, కార్మిక శాఖకు అసలు దరఖాస్తు చేరాలి. కార్మిక శాఖ తన నిర్ణయం చెప్పడానికి చట్టం పెట్టిన గడువు పని తేదీకి 30 రోజుల ముందు, అంటే మార్చి 2. సాధారణంగా ఆ ధ్రువీకరణ పట్టుకుని యజమాని వలస సేవల విభాగంలో ఐ-129 అనే పిటిషన్ వేస్తాడు. అది ఆమోదం పొందాకే కూలీ డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారం నింపి, రుసుము కట్టి, కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు వెళ్లగలిగేది. అంటే మొత్తం ప్రక్రియలో కూలీ చేతిలో ఉండేది మార్చిలో మిగిలిన ఆ మూడు నాలుగు వారాలే.

ఈ తేదీలు తెలిసినవాళ్లను మోసం చేయడం కష్టం. పొలం పేరు చెప్పకుండా, పంట ఏమిటో చెప్పకుండా, పది రోజుల్లో వీసా చేతిలో పెడతామని ఎవరైనా అంటే, పైన చెప్పిన రెండు నెలల పని ఎవరు, ఎప్పుడు, ఎక్కడ చేశారని అడిగితే చాలు. యజమాని పేరు, ఆమోదం పొందిన పిటిషన్ నంబరు ఉంటే చూపిస్తారు. లేకపోతే మాట మారుస్తారు.

తలుపు ఉన్నంత మాత్రాన అది అందరికీ తెరిచి ఉండదు. ఇక్కడే చాలా డబ్బు వృథా అవుతోంది. కెనడాలో 1966లో జమైకా కూలీలతో మొదలైన సీజనల్ వ్యవసాయ కార్మికుల కార్యక్రమంలోకి 1974లో మెక్సికో చేరింది. ఇప్పటికీ అది మెక్సికోకూ, కరీబియన్ దేశాలకూ మాత్రమే. ఏడాదిలో గరిష్ఠంగా 8 నెలలు, డిసెంబరు 15కల్లా వెనుదిరగాలి. ఆస్ట్రేలియా విదేశీ కూలీలను రప్పించుకునే పామ్ పథకం 9 పసిఫిక్ ద్వీప దేశాలకూ, తూర్పు తిమోర్‌కూ పరిమితం. న్యూజిలాండ్ 2007లో మొదలుపెట్టిన ఆర్‌ఎస్‌ఈ అనే సీజనల్ కూలీల పథకం ప్రధానంగా పసిఫిక్ దేశాల కోసమే ఏర్పడింది. ఇవి ప్రభుత్వాల మధ్య ఒప్పందాల మీద నడిచే పథకాలు. చాలాచోట్ల కూలీలను ఎంపిక చేసేది కూడా వాళ్ల సొంత ప్రభుత్వమే. జాబితాలో లేని దేశపు పాస్‌పోర్టు ఉన్న మనిషి ఎంత అనుభవం చూపించినా, ఎంత డబ్బు కట్టినా ఆ తలుపు తెరుచుకోదు. కెనడాలో ఏ దేశస్థుడినైనా తీసుకోగలిగే వ్యవసాయ విభాగం వేరే ఉంది. దాని నిబంధనలు వేరు, అక్కడ కూడా యజమాని ముందుగా కార్మిక మార్కెట్ అంచనా, అంటే ఆ పనికి స్థానికులు దొరకడం లేదని తేల్చే అనుమతి, పొందాలి. ఈ రెండింటినీ కలిపేసి చెప్పడం దళారులకు బాగా అలవాటు.

బ్రిటన్ దారి మరోలా ఉంది. అక్కడ పాత సీజనల్ పథకం 2013తో ముగిసింది. 2019లో 2,500 వీసాలతో ప్రయోగాత్మకంగా మళ్లీ మొదలైంది. 2025కు తోటపంటలకు 43,000, కోళ్ల పరిశ్రమకు 2,000 వీసాలు కేటాయించారు. ఏ దేశం వాళ్లయినా దరఖాస్తు చేయవచ్చు, వయసు 18 నిండాలి. కానీ రైతు నేరుగా మనిషిని పిలిపించుకోలేడు. ప్రభుత్వం అనుమతి ఇచ్చిన కొద్దిపాటి నిర్వాహక సంస్థలే స్పాన్సర్లు. ఆ సంస్థల జాబితా ప్రభుత్వ వెబ్‌సైటులో అందరికీ కనిపిస్తుంది. వాళ్లు ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ పేరుకు సర్టిఫికెట్టే గానీ కాగితం కాదు. కంప్యూటర్‌లో నమోదయ్యే ఒక రికార్డు, దానికో నంబరు. రంగురంగుల ముద్రలు, సంతకాలు వేసిన ‘స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్’ ఎవరైనా చేతిలో పెట్టారంటే అక్కడే అనుమానించాలి. ఆ నంబరు వచ్చిన 3 నెలల్లోపు వీసాకు దరఖాస్తు చేయాలి. 2025 ఏప్రిల్‌లో రుసుము 319 పౌండ్లు ఉండేది. బ్యాంకు ఖాతాలో 1,270 పౌండ్లు 28 రోజుల పాటు నిల్వ ఉన్నట్టు చూపించాలి, లేదా మొదటి నెల ఖర్చు తానే భరిస్తానని స్పాన్సర్ హామీ ఇవ్వాలి. చాలా వీసాలకు ప్రభుత్వ వైద్యం కోసం ముందే కట్టించుకునే ఆరోగ్య సర్‌చార్జి దీనికి లేదు. దాని రెండో వైపు కూడా తెలుసుకోవాలి: పెద్ద ఆసుపత్రి చికిత్స అవసరమైతే బిల్లు కూలీ మీదే పడవచ్చు. అందుకే బీమా లేకుండా బయలుదేరడం ప్రమాదం.

యూరోపియన్ యూనియన్ 2014లో తెచ్చిన సీజనల్ కార్మికుల ఆదేశం డెన్మార్క్, ఐర్లాండ్ తప్ప మిగతా సభ్య దేశాలకు వర్తిస్తుంది. ఏడాదిలో 5 నుంచి 9 నెలల మధ్య ఎంతకాలం ఉండనివ్వాలో ఒక్కో దేశం తానే తేల్చుకుంటుంది. దరఖాస్తుతో పాటు పని ఒప్పందం లేదా కట్టుబడి ఉండే ఉద్యోగ ప్రతిపాదన, వసతికి రుజువు, ఆరోగ్య బీమా ఉండాలి. వసతి అద్దె కూలికి తగని స్థాయిలో ఉండకూడదనీ, జీతంలోంచి దానంతట అది కోసుకోకూడదనీ ఆ ఆదేశం స్పష్టంగా చెబుతుంది. కాగితం మీద ఇది మంచి చట్టం. అమలు మాత్రం దేశాన్ని బట్టి మారిపోతుంది.

ఇటలీ అనుభవం చూస్తే ఆ తేడా కళ్లకు కడుతుంది. అక్కడ విదేశీ కూలీల సంఖ్యను ప్రభుత్వం డిక్రీ ద్వారా నిర్ణయిస్తుంది. 2023 నుంచి 2025 వరకు మూడేళ్లకు అన్ని రకాల పనులకూ కలిపి 4,52,000 మంది. నిర్ణీత రోజున, నిర్ణీత గంటకు ఆన్‌లైన్ ద్వారం తెరుచుకుంటుంది. ఎవరు ముందు నొక్కితే వాళ్ల దరఖాస్తు ముందు. దాన్ని క్లిక్ డే అంటారు. నొక్కేది యజమానే. అతనికి ‘నుల్లా ఓస్తా’ అనే అనుమతి వస్తే, దాని మీద కూలీకి వీసా వస్తుంది. కూలీ దిగాక కొద్ది రోజుల్లోనే ఇద్దరూ ఉపాధి ఒప్పందం మీద సంతకం చేయాలి. అప్పుడే నివాస అనుమతి. కానీ దిగిన మనిషికి యజమాని దొరకకపోతే? 2024 జూన్‌లో ప్రధాని జార్జియా మెలోని స్వయంగా జాతీయ మాఫియా నిరోధక ప్రాసిక్యూటర్‌ దగ్గరకు వెళ్లి ఫిర్యాదు చేశారు. కంపానియా ప్రాంతంలో ఈ పద్ధతిలో వీసా పొందినవాళ్లలో ఒప్పందం మీద సంతకం చేసినవాళ్లు 3 శాతం కూడా లేరని ఆమె చెప్పారు. మిగిలినవాళ్లు ఏమైపోయారు? వీసా అసలుదే, ముద్ర అసలుదే, పొలం మాత్రం లేదు. ఒప్పందం లేని మనిషి కాపొరాలే అని పిలిచే మేస్త్రీల చేతుల్లో పడతాడు. అదే నెలలో రోమ్‌కు దక్షిణాన ఉన్న లాటినా దగ్గర, ఒప్పందం లేకుండా పని చేస్తున్న ఒక భారతీయ కూలీ చేయి యంత్రంలో పడి తెగిపోయింది. అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లకుండా ఇంటి ముందు వదిలేసి వెళ్లిపోయారు. రెండు రోజులకు అతను చనిపోయాడు. వీసా అసలుదా నకిలీదా అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకోకూడదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. యజమాని ఉన్నాడా, పొలం ఉందా, ఆ ఊళ్లో ఆ పంట ఆ నెలలో పండుతుందా అన్నవి కూడా అంతే ముఖ్యం.

ఇక డబ్బు. దరఖాస్తుకు ముందే కూర్చుని వేసుకోవలసిన లెక్క ఇది. బ్రిటన్ పథకంలో వారానికి కనీసం 32 గంటల పనికి కూలి హామీ ఉంది. 2025 ఏప్రిల్‌లో కనీస కూలి గంటకు 12.21 పౌండ్లు ఉండేది, ఆ ఏటి అంకెలతోనే లెక్క వేద్దాం. వారానికి 390 పౌండ్ల పైచిలుకు. పూర్తి 26 వారాలు పని దొరికిందనుకుంటే దాదాపు 10,160 పౌండ్లు. వినడానికి పెద్ద మొత్తమే. ఇందులోంచి వసతికి అప్పట్లో రోజుకు 10.66 పౌండ్ల వరకు కోసే వీలుండేది, 26 వారాలకు 1,940. జాతీయ బీమా కోత మరో 310 దాకా. వీసా రుసుము 319. ఈ దశలో మిగిలేది సుమారు 7,590. తిండికి వారానికి 40, విమాన టికెట్లకు రానూ పోనూ 700 అనుకుంటే చేతిలో ఉండేది 5,850 పౌండ్ల చుట్టుపక్కల. ఆదాయపు పన్ను పడితే అది వేరే. అన్ని వారాలూ పని ఉండాలి, జబ్బు పడకూడదు.

ఈ లెక్కలో ఒక దళారిని చేర్చి చూడాలి. 2022లో ఇండోనేషియా నుంచి బ్రిటన్ తోటలకు వెళ్లిన కూలీల్లో కొందరి మీద 5,000 పౌండ్ల దాకా అప్పు ఉన్నట్టు బయటపడింది. పైన మిగిలిన 5,850లోంచి 5,000 తీసేస్తే 850. వడ్డీ ఆ కాస్తనూ తినేస్తుంది. ఆరు నెలలు వంగి పండ్లు కోసిన మనిషి ఎవరి కోసం కోసినట్టు? ఒప్పందం 26 వారాలకు కాకుండా 12 వారాలకే ఉంటే అప్పు తీరకుండానే తిరుగు విమానం ఎక్కాలి. అలా తిరిగి వెళ్లలేక గడువు దాటినా అక్కడే ఉండిపోయినవాళ్లను ‘అక్రమ వలసదారులు’ అంటారు. వాళ్లను అక్కడ నిలబెట్టింది అప్పు.

అందుకే ఉద్యోగం ఇప్పించినందుకు కూలీ దగ్గర డబ్బు వసూలు చేయకూడదని చట్టాలు చెబుతున్నాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒప్పందం ప్రైవేటు నియామక సంస్థలు కార్మికుల నుంచి రుసుములు తీసుకోకూడదన్న సూత్రాన్ని పెట్టింది. హెచ్-2ఎ నిబంధనల ప్రకారం యజమాని గానీ, అతని ఏజెంటు గానీ కూలీ నుంచి నియామక రుసుము తీసుకోవడం నిషేధం. తీసుకున్నట్టు తేలితే పిటిషన్‌నే తిరస్కరించవచ్చు. బ్రిటన్‌లో పని చూపించినందుకు రుసుము వసూలు చేయడం చట్టవిరుద్ధం. కాబట్టి వీసా రుసుము, పాస్‌పోర్టు, వైద్య పరీక్షల వంటి ఖర్చులను ఒక కుప్పగా, ‘ఉద్యోగం ఖాయం చేసినందుకు’ అడిగే సొమ్మును ఇంకో కుప్పగా విడదీసి చూడాలి. మొదటి కుప్పకు రసీదు వస్తుంది, రెండో కుప్పకు రాదు. రసీదు ఇవ్వనన్నచోట మాటలు ఆపేయడమే మేలు.

పాత గాయాలు ఈ నిబంధనల్లో అచ్చుపడి ఉన్నాయి. 1942 నుంచి 1964 దాకా అమెరికా నడిపిన బ్రాసెరో కార్యక్రమంలో తొలి ఏళ్లలో మెక్సికో కూలీల జీతంలో 10 శాతం పొదుపు పేరుతో కోసుకున్నారు. ఆ డబ్బు చాలామందికి ఎన్నడూ చేరలేదు. ఇప్పుడు హెచ్-2ఎలో ప్రతి జీతంతో పాటు గంటలు, కోతలు రాసిన చీటీ ఇచ్చి తీరాలి. ఒప్పందంలో చెప్పిన మొత్తం గంటల్లో నాలుగింట మూడు వంతుల పని చూపించాలి, లేదా అంత కూలి కట్టాలి. వసతి ఉచితం, పనిముట్లు ఉచితం. సగం ఒప్పంద కాలం పూర్తయ్యాక రాకడ ఖర్చు, మొత్తం పూర్తయ్యాక తిరుగు ప్రయాణం యజమానివే. బ్రిటన్‌లో విమాన టికెట్టు సాధారణంగా కూలీదే. రెండు దేశాల ప్రకటనలను పక్కపక్కన పెట్టి గంట కూలిని మాత్రమే పోల్చడం ఎంత పొరపాటో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇన్ని నిబంధనలున్నా నేరం ఆగిపోలేదు. 2021లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 24 మంది మీద బయటపెట్టిన అభియోగపత్రంలో ఒక వివరం చదివితే మనసు కలుక్కుమంటుంది. హెచ్-2ఎ వీసా మీద వచ్చిన కూలీల చేత ఉల్లిగడ్డలను ఉత్త చేతులతో తవ్వించారు, బకెట్టుకు 20 సెంట్లు ఇచ్చారు, తుపాకులతో బెదిరించారు, కాగితాలు లాక్కున్నారు అన్నది ఆరోపణ. ఆ కూలీల చేతుల్లో ఉన్నవి చట్టబద్ధమైన వీసాలే.

ఒప్పందం చేతికి వచ్చే క్షణం ఇందుకే కీలకం. హెచ్-2ఎ నిబంధన ప్రకారం కూలీ వీసాకు దరఖాస్తు చేసే సమయానికల్లా ఒప్పందం ప్రతి అతనికి అర్థమయ్యే భాషలో అందాలి. చదవవలసింది జీతం అంకె ఒక్కటే కాదు. కూలి గంటకా, కిలోకా? కిలో లెక్కయితే, చేయి ఇంకా తిరగని తొలి వారాల్లో కనీస కూలికి తగ్గకుండా పూరిస్తారా? వర్షం పడి పని ఆగిన రోజు సంగతి ఏమిటి? ఒక గదిలో ఎంతమంది? నెమ్మదిగా కోస్తున్నాడని ఇంటికి పంపేస్తే తిరుగు టికెట్టు ఎవరిది? పండ్ల తోటల్లో ఒక్కొక్కరు కోసిన ట్రేలను లెక్కపెట్టి, వరుసలో వెనకబడినవాళ్లను మధ్యాహ్నానికే బసకు పంపేయడం జరుగుతూ ఉంటుంది. ఆ పూట కూలి పోతుంది. ఈ సంగతులు ప్రకటనల్లో రాయరు, ఒప్పందంలో మాత్రం వెతికితే దొరుకుతాయి, లేదా లేవని తెలుస్తాయి.

కాన్సులేట్ ఇంటర్వ్యూ గురించి అనవసరమైన భయం ఎక్కువ. హెచ్-2ఎలో అధికారి చూసేది ప్రధానంగా రెండు: పని నిజమైనదేనా, పని అయ్యాక తిరిగి వెళతాడా. వెళ్లే పొలం పేరు, పంట, నెలలు, కూలి తెలిసిన మనిషి మామూలు మాటల్లో చెప్పగలడు. ఎవరో నేర్పిన జవాబులు వల్లించే మనిషి రెండో ప్రశ్నకే తడబడతాడు. ఎవరికైనా డబ్బు ఇచ్చారా అని అడిగితే అబద్ధం చెప్పమని దళారులు నూరిపోస్తారు. అది దళారిని కాపాడే సలహా. తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే వేటు పడేది దరఖాస్తుదారు మీద, అదీ ఈ ఒక్క వీసాతో పోదు. 2008 నాటి చట్టం ప్రకారం ఇంటర్వ్యూ సమయంలో హక్కుల కరపత్రం ఇవ్వాలి. అందులో సహాయం కోరే ఫోను నంబర్లు ఉంటాయి. పుస్తకంలో వేరేగా రాసి పెట్టుకోవలసినవి అవే.

పొలంలో కష్టం వచ్చినప్పుడు బయటికి రావడం ఎంత సులభమన్నది కూడా దేశాన్ని ఎంచుకునేటప్పుడు చూడాలి. హెచ్-2ఎ వీసా ఒక యజమానికి ముడిపడి ఉంటుంది, ఇంకో యజమాని తన పేరుతో పిటిషన్ వేస్తేనే మారడానికి వీలు. బ్రిటన్‌లో స్పాన్సర్ సంస్థను అడిగి మరో తోటకు మార్చమని కోరవచ్చు. కెనడా 2019 జూన్ నుంచి, వేధింపులకు గురైన కూలీ యజమానితో నిమిత్తం లేకుండా పని చేసుకునే ప్రత్యేక అనుమతి ఇస్తోంది. అయినా అక్కడి తాత్కాలిక కార్మిక విధానం ఆధునిక బానిసత్వానికి తావిస్తోందని ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి టొమోయా ఒబొకాటా 2023లో తీవ్రంగా విమర్శించారు. ఎక్కడైనా సరే, పాస్‌పోర్టు యజమాని దగ్గర దాచాలంటే ఒప్పుకోనక్కర్లేదు. ఒప్పందం, వీసా, పాస్‌పోర్టుల ఫొటోలు ఇంట్లో ఒకరి ఫోనులో ఉంచి వెళ్లాలి.

పని ముగిశాక గడువులోపు వెనుదిరిగిన మనిషికి తర్వాతి సీజను సులభమవుతుంది. యూరప్ ఆదేశం ప్రకారం గత 5 ఏళ్లలో ఒక్కసారైనా నిబంధనలు పాటించి తిరిగి వెళ్లినవాళ్లకు మళ్లీ రావడాన్ని సభ్య దేశాలు తేలిక చేయాలి. కెనడాలో యజమాని పాత కూలీని పేరు పెట్టి పిలిపించుకోవచ్చు. ఇది వరమే, కానీ దీనికో నీడ ఉంది. వచ్చే ఏడు పేరు రాయడేమోనన్న భయంతో ఈ ఏడు కోతపడిన కూలిని అడగకుండా ఊరుకునేవాళ్లు ఉన్నారు. జీతపు చీటీలు అన్నీ దాచుకుని వెనక్కి తెచ్చుకుంటే, అడగవలసినది తర్వాతైనా అడగవచ్చు. బ్రిటన్ వదిలే ముందు జీతం, కోసిన పన్ను వివరాలు ఉండే పీ45 అనే పత్రం యజమాని దగ్గర తీసుకుంటే, ఎక్కువగా కోసిన పన్నును వెనక్కి ఇమ్మని ఇంటి నుంచే కోరవచ్చు. అమెరికాలో హెచ్-2ఎ కూలీల జీతంలో సామాజిక భద్రత పన్ను కోయకూడదు. కోసినట్టు చీటీలో కనిపిస్తే, అది తిరిగి రావలసిన డబ్బే.